చదవని డిగ్రీకి తమ్ముడి పేరు మీద ఫీజు రీయింబర్స్‌మెంట్: ఫిర్యాదు చేస్తే మన మీదికే వస్తుందా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైనది ఇదీ. మీది నర్సంపేట దగ్గర పల్లె, బీసీ కుటుంబం. తమ్ముడు 2024లో ఇంటర్ పాసై, ఇంట్లో పరిస్థితి బాగోలేక హైదరాబాద్‌లో పనికి వెళ్ళిపోయాడు. అంతకుముందే హనుమకొండలోని ఒక డిగ్రీ కాలేజీ పీఆర్వో, అంటే అడ్మిషన్ల కోసం తిరిగే మనిషి, ఇంటికి వచ్చి, "కాలేజీకి రాకున్నా ఏం కాదు, పరీక్షలప్పుడు చూసుకుందాం" అని టెన్త్ మెమో, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు తీసుకుపోయాడు. 3,000 రూపాయలు చేతిలో పెట్టాడు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి ఓటీపీ అడిగితే తమ్ముడు చెప్పాడు. రెండోది ఈమధ్య, రెండు నెలల కింద. ఇప్పుడు తమ్ముడు నిజంగానే చదువుకుందామని ఇంకో కాలేజీకి వెళ్తే, "నీ పేరు మీద ఈపాస్‌లో ఇదివరకే అప్లికేషన్ ఉంది" అన్నారు. ఈపాస్ అంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్ దరఖాస్తులు పెట్టే సైట్. ఫిర్యాదు చేయాలా, ఎవరికి చేయాలి, చేస్తే తమ్ముడి మీదే కేసు అవుతుందా అని మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. చేయండి. తమ్ముడి సంతకంతోనే చేయండి. ఆ 3,000 సంగతి కూడా దాచకుండా రాయండి. కాలేజీ హనుమకొండ జిల్లాలో ఉంది కాబట్టి ఆ జిల్లా బీసీ అభివృద్ధి అధికారికి ఒక కాపీ, సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇంకో కాపీ ఇవ్వాలి. రెండింటికీ రసీదు తీసుకోవాలి. తమ్ముడి మీద కేసు అవుతుందా అంటే, మీరే ముందు వెళ్ళి చెబితే ఆ అవకాశం బాగా తక్కువ. రేపు ఎప్పుడో విజిలెన్స్ వాళ్ళు లిస్టు పట్టుకుని మీ ఇంటికి వస్తే అప్పుడు పరిస్థితి వేరు. చదవకుండా స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లగాడి పేరే ఆ కాగితం మీద ఉంటుంది. పీఆర్వో పేరు ఎక్కడా ఉండదు.

నేను సంక్షేమ శాఖలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి సూపరింటెండెంట్‌గా రిటైర్ అయ్యాను. అందులో ఎక్కువ కాలం స్కాలర్‌షిప్ సెక్షనే. ఇప్పుడు ఇంటి దగ్గర ఉండి, వచ్చినవాళ్ళకు దరఖాస్తులు, అప్పీళ్ళు రాసిపెడుతుంటాను. లాయర్‌ను కాను. కేసు కోర్టుదాకా వెళ్తే లాయర్‌నే అడగాలి.

డబ్బు ఎలా నడుస్తుందో తెలిస్తే మోసం ఎక్కడుందో కనిపిస్తుంది

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో రెండు భాగాలు. ట్యూషన్ ఫీజు భాగాన్ని ఆర్టీఎఫ్ అంటాం, మెయింటెనెన్స్ భాగాన్ని ఎంటీఎఫ్ అంటాం. ఎంటీఎఫ్ పిల్లవాడి బ్యాంకు ఖాతాలో పడుతుంది. మీలాంటి కేసుల్లో ఆర్టీఎఫ్ వెళ్ళేది కాలేజీ ఖాతాకు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పేదింటి పిల్లలు ఎందరో ఇంజనీరింగ్, డిగ్రీ చదివారు. అది ఎవరూ కాదనలేరు. కానీ దాంతోపాటే, విద్యార్థి లేకపోయినా విద్యార్థి కాగితాలుంటే చాలు అనే వ్యాపారం కూడా మొదలైంది. పీఆర్వోకు తలకింత అని కమీషన్. పల్లెల్లో ఇంటర్ రిజల్ట్స్ రాగానే బైకులేసుకుని తిరిగేది అందుకే. మీ తమ్ముడికిచ్చిన 3,000 అతని జేబులోంచి పోయినవేమీ కావు.

ఇలా కాగితం మీద ఉండి బెంచీ మీద లేని పిల్లల్ని మేం ఆఫీసులో 'గాలి అడ్మిషన్లు' అనేవాళ్ళం.

ఇది మన దగ్గరే ఉందనుకోకండి. కేంద్ర మైనారిటీ స్కాలర్‌షిప్‌ల విషయంలో 2023లో సీబీఐ కేసు పెట్టింది. కేంద్ర మంత్రిత్వ శాఖ 1,572 సంస్థలను పరిశీలిస్తే అందులో 830 బోగస్ అని, లేదా పనే చేయడం లేదని తేలింది. 2017-18 నుంచి 2021-22 వరకు పోయిన సొమ్ము 144.83 కోట్లుగా లెక్క వేశారు. సగానికి పైగా సంస్థలన్నమాట. అక్కడ కూడా దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే. ఆన్‌లైన్ అయినంత మాత్రాన దొంగ లెక్క ఆగదు. దొంగ లెక్క ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది, అంతే.

ఫిర్యాదుకు ముందు: ఇది మోసమేనా, లేక ఆలస్యమా?

మీ కేసులో సందేహం లేదు. కానీ ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఈ మాట చెప్పాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందిది మోసం కేసు కాదు, బకాయి కేసు.

ఒకసారి జనగామ వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. "సార్, మా బిడ్డ పైసలు కాలేజోళ్ళు తిన్నరు. గవర్నమెంటు ఇచ్చిందట, ఆన్‌లైన్‌ల చూపెడుతుంది" అని ప్రింట్ నా ముందు పెట్టాడు. చూస్తే స్టేటస్‌లో శాంక్షన్ అని ఉంది. శాంక్షన్ అంటే మంజూరు. ఆ తర్వాత బిల్లు పెట్టాలి, ట్రెజరీకి పోవాలి, టోకెన్ పడాలి, ప్రభుత్వం నిధులు వదలాలి. ఆ బిల్లు ట్రెజరీలోనే ఆగి ఉంది. కాలేజీకి రూపాయి రాలేదు. ఆయన అప్పటికే ప్రిన్సిపాల్‌ను నలుగురిలో దొంగ అని వచ్చాడు. మళ్ళీ వెళ్ళి మాట కలపడానికి చాలా ఇబ్బంది పడ్డాడు.

కాబట్టి శాంక్షన్ వేరు, విడుదల వేరు. ప్రభుత్వం బకాయి పెట్టింది కాబట్టి ఫీజు ముందు మీరు కట్టండి, రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగిస్తాం అని కాలేజీలు అంటుంటాయి. అది తప్పా ఒప్పా అన్నది ఇంకో చర్చ. డబ్బు నిజంగా కాలేజీ ఖాతాలో పడ్డాక కూడా మీరు కట్టింది తిరిగివ్వకపోతే, అప్పుడది ఫిర్యాదు. అందుకే కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. "రసీదు తర్వాత ఇస్తాం" అన్నారంటే ఆ రోజు కట్టకండి.

ఈ వారంలోనే జమచేయాల్సినవి

ఫిర్యాదు రాయడానికి కూర్చునే ముందు ఇవి చేతిలో ఉండాలి. కొన్నింటికి గడువుంది, అందుకే తొందరపెడుతున్నాను.

మొదటిది, ఆధార్ వాడకం చరిత్ర. మైఆధార్ సైట్‌లో తమ్ముడి నంబర్‌తో లాగిన్ అయితే, అతని ఆధార్‌ను ఏ తేదీన, ఏ సమయానికి, ఓటీపీతోనా వేలిముద్రతోనా, ఏ సంస్థ ద్వారా ధ్రువీకరించారో కనిపిస్తుంది. గత 6 నెలలవి మాత్రమే చూపిస్తుంది. 2024లోది ఇప్పుడు దొరకదు. రెండు నెలల కింద ఓటీపీ చెప్పాడన్నారు కదా, అది రెన్యూవల్ కోసం అయ్యుండాలి. అదైతే ఇందులో ఉండొచ్చు. ఈ రోజే స్క్రీన్‌షాట్ తీయండి, ప్రింట్ కూడా తీయండి. ఆ పని అయ్యాక అక్కడే బయోమెట్రిక్ లాక్ వేయండి.

రెండోది, ఈపాస్ అప్లికేషన్ స్టేటస్. అప్లికేషన్ నంబర్ మీ దగ్గర లేదు. కొత్త కాలేజీ వాళ్ళు పాత అప్లికేషన్ ఉందన్నారు కదా, వాళ్ళ స్క్రీన్ మీద ఏం వచ్చిందో ఫోటో తీసుకోండి, లేదా నంబర్ రాసుకోండి. అది దొరికితే టెన్త్ హాల్‌టికెట్ నంబర్, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీతో మిగతాదంతా తెరుచుకుంటుంది. కాలేజీ పేరు, కోర్సు, ఏ సంవత్సరం, ఎంత శాంక్షన్ అయింది, అన్నీ.

మూడోది బ్యాంకు. తమ్ముడి ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు లింకై ఉందో మైఆధార్‌లోనే చూడొచ్చు. చాలామంది ఇక్కడే ఉలిక్కిపడతారు. తమకు తెలియని బ్యాంకు పేరు కనిపిస్తుంది. కాలేజీ వాళ్ళే క్యాంపు పెట్టి జీరో బ్యాలెన్స్ ఖాతాలు తెరిపించి, పాస్‌బుక్, ఏటీఎం కార్డు 'సేఫ్టీ కోసం' ఆఫీసు బీరువాలో పెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. రబ్బరు బ్యాండు వేసిన ఏటీఎం కార్డుల కట్ట, ఒక్కో కార్డు వెనక పిన్ నంబర్ స్కెచ్ పెన్నుతో. అలాంటి ఖాతా ఉంటే తమ్ముడు స్వయంగా ఆ బ్రాంచికి వెళ్ళి కార్డు బ్లాక్ చేయించి, ఫోన్ నంబర్ మార్పించి, స్టేట్‌మెంట్ తీసుకోవాలి. ఎంటీఎఫ్ ఎప్పుడు పడింది, ఏ ఏటీఎంలో తీశారు అన్నది అందులో ఉంటుంది. ఆ రోజు తమ్ముడు హైదరాబాద్‌లో ఉండి, డబ్బు హనుమకొండ ఏటీఎంలో తీస్తే ఇక చెప్పేదేముంది.

నాలుగోది, ఆ రెండేళ్ళు తమ్ముడు ఎక్కడున్నాడో చెప్పే కాగితం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా లెక్కన అన్నిటికన్నా గట్టిది ఇదే. జీతం పడ్డ బ్యాంకు ఎంట్రీలు, పీఎఫ్ ఉంటే ఆ పాస్‌బుక్, పనిచేసే చోట ఇచ్చిన గుర్తింపు కార్డు, రూం అద్దె ఫోన్‌పే చేసిన వరుస. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు ఉండాలి. కాలేజీ అతనికి హాజరు వేస్తేనే డబ్బు మంజూరవుతుంది. హైదరాబాద్‌లో జీతం తీసుకున్న నెలలోనే హనుమకొండలో హాజరు పడిందంటే, ఆ హాజరు వేసిన చెయ్యి ఎవరిదో వాళ్ళే చెప్పుకోవాలి.

ఇక పీఆర్వోతో వాట్సాప్ చాటింగ్, కాల్ లిస్టు ఉంటే వాటిని చెరపకండి. దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్) ద్వారా సీటు తీసుకుని ఉంటే అందులో ఏ ఫోన్ నంబర్ రిజిస్టర్ అయిందో కూడా చూడండి. తమ్ముడిది కాని నంబర్ ఉంటే రాసుకోండి.

ఆ 3,000 గురించి

మీ అసలు భయం ఇదే అని తెలుసు. డబ్బు తీసుకున్నాడు, ఓటీపీ కూడా తనే చెప్పాడు, రేపు "నువ్వూ కలిసే చేశావు" అంటే ఏంటి పరిస్థితి అని.

అలా అనే అవకాశం ఉంది. కాలేజీ వాళ్ళు మొదట అనే మాటే అది. అందుకే మనమే రాయాలి. "ఫలానా నెలలో ఫలానా వ్యక్తి 3,000 రూపాయలు ఇచ్చాడు. అడ్మిషన్ ప్రోత్సాహకం అన్నాడు. నా పేరు మీద ప్రభుత్వ సొమ్ము తీస్తారని నాకు తెలియదు. ఎంటీఎఫ్ నా ఖాతాలో పడి ఉంటే ప్రభుత్వానికి తిరిగి కట్టడానికి సిద్ధంగా ఉన్నాను" అని. ఈ నాలుగు వాక్యాలు మీ తమ్ముడిని నిందితుల వరసలోంచి సాక్షుల వరసలోకి తెస్తాయి. విచారణ అధికారికి కావాల్సింది కూడా సాక్షే. తిరిగి కట్టేది చలానా రూపంలో, అధికారి రాతపూర్వకంగా చెప్పిన ప్రభుత్వ ఖాతా పద్దుకు (హెడ్‌కు) మాత్రమే. ఆఫీసులో ఎవరి చేతికీ నగదు ఇవ్వొద్దు.

తెలిసి ఇచ్చినా, తెలియక ఇచ్చినా, ఉన్నది ఉన్నట్టు రాయండి. తెలిసే ఇచ్చి ఉంటే "తెలియదు" అని మాత్రం రాయకండి. మూడు నెలల తర్వాత వాట్సాప్ చాటింగ్ ముందుపెట్టి అడిగినప్పుడు మొత్తం ఫిర్యాదు కూలిపోతుంది.

అబద్ధపు ఫిర్యాదు అని తిరగబెడతారా అని కూడా అడిగారు. ప్రభుత్వ అధికారికి అబద్ధమని తెలిసీ సమాచారం ఇస్తే నేరం, భారతీయ న్యాయ సంహితలో 217వ సెక్షన్. అక్కడ ముఖ్యమైన మాట 'తెలిసీ'. మీరు చూసింది "చూశాను" అని, విన్నది "విన్నాను" అని, అనుమానం ఉన్నచోట "అనుమానం" అని రాస్తే ఆ సెక్షన్ మీ దరిదాపులకు రాదు. "ఈ కాలేజీలో వందమంది దొంగ విద్యార్థులున్నారు" అని మీరు లెక్కపెట్టకుండా రాయొద్దు. వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో కాలేజీ పేరు పెట్టి రాయడం కూడా వద్దు. పరువునష్టం అని నోటీసు పంపితే మీ అసలు ఫిర్యాదు పక్కకుపోతుంది.

ఎక్కడ ఇవ్వాలి

మీది వరంగల్ జిల్లా, కాలేజీ హనుమకొండ జిల్లా. 2016లో పాత వరంగల్ జిల్లాను విడగొట్టారు. 2021లో అర్బన్‌ను హనుమకొండ, రూరల్‌ను వరంగల్ అన్నారు. ఇప్పటికీ జనం ఒక కలెక్టరేట్‌కు వెళ్ళబోయి ఇంకో కలెక్టరేట్‌కు వెళ్తారు, మా ఆఫీసు వాళ్ళు కూడా కొందరు తప్పు చిరునామా చెప్పి పంపేవాళ్ళు. స్కాలర్‌షిప్ పరిశీలన కాలేజీ ఉన్న జిల్లాలో జరుగుతుంది. మీ ఊరు ఏ జిల్లా అన్నది లెక్కలోకి రాదు. కాబట్టి హనుమకొండ.

ఏ శాఖకు అన్నది విద్యార్థి కేటగిరీని బట్టి. బీసీ, ఈబీసీ అయితే బీసీ అభివృద్ధి అధికారి, ఎస్సీ అయితే షెడ్యూల్డ్ కులాల అభివృద్ధి అధికారి, ఎస్టీ అయితే గిరిజన శాఖ, మైనారిటీలకు మైనారిటీ సంక్షేమ అధికారి. కాలేజీ ఒకటే అయినా ఫైళ్ళు నాలుగు ఆఫీసుల్లో ఉంటాయి. గాలి అడ్మిషన్లు చేసేవాళ్ళు దీన్నే వాడుకుంటారు. ఒక్కో ఆఫీసుకు తన వాటా మాత్రమే కనిపిస్తుంది, మొత్తం ఎవరూ కలిపి చూడరు. ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వమనేది అందుకే. నలుగురినీ కలిపి అడగగలిగేది అక్కడే.

ప్రజావాణి కాగితానికి రసీదు నంబర్ ఇస్తారు. సంక్షేమ ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబర్, తేదీ, స్టాంపు మీ కాపీ మీద వేయించుకోండి. "సార్ లేరు, పెట్టిపొండి" అంటే పెట్టి రావద్దు. బయటికి వచ్చి స్పీడ్ పోస్టులో పంపండి, అందినట్టు రుజువు దాచుకోండి.

పోలీసుల సంగతి. టీసీ తీసుకుని ఇవ్వకపోవడం, పేరు వాడి సొమ్ము తీయడం మోసమే. న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ నా సలహా, ముందు శాఖాపరమైన ఫిర్యాదు ఇచ్చి, ఆ రసీదు జతచేసి స్టేషన్‌కు వెళ్ళండి. వట్టి చేతులతో వెళ్తే "ముందు మీ డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకోండి" అని పంపేస్తారు. స్టేషన్‌లో తీసుకోకపోతే పోలీస్ కమిషనర్‌కు రాతపూర్వకంగా పంపే హక్కు ఉంది. సంక్షేమ ఆఫీసులోనే ఎవరైనా ఫైలు కదపడానికి డబ్బడిగితే అది ఏసీబీ పని, 1064. ఇచ్చేశాక కాదు, ఇవ్వకముందు చేయాలి ఆ ఫోన్.

విచారణలో నిజంగా ఏం పనిచేస్తుంది

మా ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరాలు చాలా వచ్చేవి. "ఫలానా కాలేజీలో కోట్ల కుంభకోణం, ప్రభుత్వం నిద్రపోతోందా" అంటూ రెండు పేజీల ఆవేశం. వాటితో చేయగలిగేది ఏమీ ఉండదు, ఫైల్ చేసి పక్కన పెట్టేవాళ్ళం. ఒకసారి మాత్రం సంతకం లేకుండా అర పేజీ వచ్చింది. అందులో పదకొండు టెన్త్ హాల్‌టికెట్ నంబర్లు, ఒక్కొక్కరి ఎదురుగా "సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టలేదు" అని మాత్రమే ఉంది. ఒక్క విశేషణం లేదు. దాని మీద ఆ వారంలోనే వెళ్ళాం.

వెళ్ళేసరికి క్లాసు నిండా పిల్లలున్నారు. రిజిస్టర్ పక్కాగా ఉంది, కాకపోతే మధ్యాహ్నం హాజరు కూడా పొద్దున 11 గంటలకే వేసేశారు. పేర్లు పిలిస్తే పలుకుతున్నారు. నాతో వచ్చిన జూనియర్ అసిస్టెంట్ కొత్తగా చేరిన కుర్రాడు. అతనికి ఏం తోచిందో, "మీ బస్ పాసులు ఒకసారి చూపించండి" అన్నాడు. ఆర్టీసీ స్టూడెంట్ పాసు మీద కాలేజీ పేరు ఉంటుంది కదా. సగానికి పైగా కింద అంతస్తులో ఉన్న జూనియర్ కాలేజీ పాసులు. ఇంటర్ పిల్లల్ని తెచ్చి డిగ్రీ బెంచీల మీద కూర్చోబెట్టారు. పాపం వాళ్ళకేం తెలుసు, సార్లు కూర్చోమంటే కూర్చున్నారు.

ఇన్నేళ్ళలో నేను చూసింది ఒకటే. అధికారి ఆరోపణ మీద కదలడు, రెండు లెక్కలు కలవని చోటు చూపిస్తే కదలక తప్పదు. ఈపాస్‌లో మంజూరైన సంఖ్య ఒక లెక్క. యూనివర్సిటీలో పరీక్ష రాసినవాళ్ళ సంఖ్య ఇంకో లెక్క. కాలేజీ మొదటిదాన్ని పెంచగలదు, రెండోది పెంచాలంటే పరీక్ష రాసే మనిషిని కూడా తేవాలి.

ఆ రెండూ బయటికి తీసే దారి సమాచార హక్కు. మీరు ఫిర్యాదు ఇచ్చిన రోజే రెండు దరఖాస్తులు పెట్టండి, ఒక్కోదానికి 10 రూపాయలు. ఒకటి బీసీ అభివృద్ధి కార్యాలయం సమాచార అధికారికి: ఫలానా కాలేజీలో ఫలానా కోర్సులో, సంవత్సరం వారీగా మంజూరైన విద్యార్థుల సంఖ్య, మంజూరైన మొత్తం, విడుదలైన మొత్తం, చివరిసారి తనిఖీ చేసిన తేదీ, ఆ నివేదిక కాపీ. రెండోది కాకతీయ యూనివర్సిటీకి: అదే కాలేజీ, అదే కోర్సు, సెమిస్టర్ వారీగా పరీక్ష ఫీజు కట్టినవాళ్ళ సంఖ్య, హాజరైనవాళ్ళ సంఖ్య. పేర్లు అడగకండి, వ్యక్తిగత సమాచారం అని తిప్పిపంపుతారు. సంఖ్యలకు ఆ సాకు చెప్పలేరు. తమ్ముడి సొంత ఫైలు మాత్రం అతని పేరుతోనే పూర్తిగా అడగొచ్చు, హాజరు షీటుతో సహా. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు.

ఉదాహరణకు ఒక్క బీసీలకే 60 మందికి మంజూరై, అన్ని కులాల వాళ్ళు కలిపి పరీక్ష ఫీజు కట్టింది 35 మందే అనుకోండి. ఆ రెండు జవాబులు ఒకే కాగితానికి పిన్ చేసి కలెక్టర్‌కు ఇవ్వండి. వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. సర్వీసులో ఉండగా నేనే ఒకసారి బొక్కబోర్లా పడ్డాను. రెండు కాలేజీల లిస్టుల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, తండ్రి పేరూ ఒకటే. డబుల్ అడ్మిషన్ అని ఎగిరి నోటీసు ఇచ్చాను. తీరా చూస్తే ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరు పిల్లలకూ తాత పేరే పెట్టుకున్నారు, ఇద్దరు తండ్రులనూ ఊళ్ళో ఒకే పేరుతో పిలుస్తారు, రేషన్ కార్డులోనూ అదే ఎక్కింది. ఆ పిల్లలిద్దరి స్కాలర్‌షిప్ నా వల్ల ఒక ఏడాది ఆగింది. అప్పటినుంచి హాల్‌టికెట్ నంబర్ కలిస్తే తప్ప పేర్లు చూసి మాట్లాడను. మీరూ వేరే పిల్లల గురించి విన్నవి ఫిర్యాదులో ఎక్కించకండి. తమ్ముడి సంగతి ఒక్కటే రాయండి. మిగతావి తనిఖీలో వాటంతటవే బయటపడతాయి.

తర్వాత ఏం జరుగుతుందంటే

ఫిర్యాదు చేరిన వారంలోపే పీఆర్వో మీ ఇంటికి వస్తాడు. మొదటిసారి బతిమాలతాడు. రెండోసారి మీ ఊరి పెద్దమనిషిని వెంట తెస్తాడు. "సర్టిఫికెట్లు అన్నీ తెచ్చిన అక్కా, ఈ కాగితం మీద తమ్ముని సంతకం పెట్టియ్యి" అంటాడు. ఆ కాగితంలో "నేను స్వయంగా కాలేజీలో చేరి, స్వంత కారణాలతో మానేశాను, నాకెలాంటి ఫిర్యాదు లేదు" అని ఉంటుంది. ఆ సంతకంతో మొత్తం నేరం మీ తమ్ముడి ఖాతాలోకి మారిపోతుంది. సర్టిఫికెట్లు తీసుకోండి, అవి మీవే. ఒరిజినల్స్ కాలేజీలు పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అందినట్టు రసీదు మాత్రం ఇవ్వండి: "ఫలానా తేదీన ఫలానా సర్టిఫికెట్లు ముట్టాయి" అంతే, ఇంకొక్క మాట వద్దు.

కొన్ని కుటుంబాలు అక్కడితో రాజీపడి ఊరుకుంటాయి. వాళ్ళను నేను తప్పుపట్టను. కూలికి వెళ్ళే మనిషి ఎన్ని సోమవారాలు హనుమకొండ తిరుగుతాడు. కానీ రాజీపడినా, ఈపాస్‌లో తమ్ముడి పాత అప్లికేషన్ రద్దయ్యేదాకా మాత్రం వదలకండి. అది ఉన్నంతకాలం అతను నిజంగా చదివే డిగ్రీకి స్కాలర్‌షిప్ రాదు. రద్దు మీసేవలో అయ్యే పని కాదు, జిల్లా ఆఫీసులోనే అడగాలి. ఫిర్యాదులో చివరి పేరాగా దీన్ని విడిగా రాయండి: పాత దరఖాస్తు రద్దుచేసి, కొత్త కాలేజీలో దరఖాస్తుకు అవకాశం ఇవ్వాలి అని. విచారణకు ఎన్నాళ్ళు పట్టినా, ఈ ఒక్క పని దానికోసం ఆగనవసరం లేదని అధికారికి నోటితో కూడా చెప్పండి. కొత్త కాలేజీ ప్రిన్సిపాల్ నుంచి "ఈ విద్యార్థి మా దగ్గర చేరడానికి వచ్చాడు" అని ఒక లెటర్ ఉంటే పని తొందరగా అవుతుంది.

సోమవారం పొద్దున పదిన్నరకల్లా కలెక్టరేట్‌లో ఉండేలా నర్సంపేటలో బస్సు ఎక్కండి. తమ్ముడు ఒకరోజు సెలవు పెట్టి రావాలి, అతను లేకుండా మీరొక్కరే వెళ్తే "బాధితుడేడీ" అంటారు. ప్రతి కాగితం మూడు జిరాక్సులు. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు, అడిగితే చూపించి వెనక్కి తీసుకోండి. ఫిర్యాదు డ్రాఫ్ట్ రాశాక తమ్ముడి పేరు, ఆధార్ నంబర్ కొట్టేసి ఇక్కడ పెట్టండి, ఆదివారంలోపు చూసి దిద్దిస్తాను.